ఎర్ర గుర్తు పెట్టిన చైన్

చెట్లు కోసే మిషన్ చైన్ పన్ను మాంసంలోకి దిగితే కోయదు, పీకుతది. కత్తి గాటు అయితే రెండు అంచులు దగ్గరికి తీసి కుట్టొచ్చు. చైన్ తగిలిన కాడ కుట్టడానికి అంచు మిగలదు. ఈ మాట నాకు మా మామ జంగయ్య చెప్పిండు. చెప్పిన మూడో ఏడు జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లా ముందర, కరెంటు తీగలకు తగులుతున్న నిద్రగన్నేరు కొమ్మ కోస్తుంటే మిషన్ మొన కొమ్మకు కొట్టుకొని ఎనక్కి తన్నింది. తొడ మీద పడ్డది. మామను ఆటోలో వేసుకొని పోతుంటే చెక్‌పోస్ట్ మీదుగ దవాఖాన దాకా రోడ్డు మీద నెత్తురు గీత గీసినట్టు కారింది. మా ఆయన బండి మీద ఆ గీత ఎంబడే పోయిండు. దవాఖాన మెట్ల కాడికి పోయేసరికి గీత ఆగింది, మామ కూడా ఆగిండు.

రోజూ కాలికి గోనెపట్టా చుట్టుకునే మనిషి ఆయన. "గోనె దారం పన్నుకు చిక్కితే లోపల గేరు దాకా గుంజుకపోయి చుట్టుకుంటది. మిషన్‌కు ఊపిరాడదు, సస్తది. మనిషి బతుకుతడు" అని మాకు వెయ్యిసార్లు చెప్పిండు. ఆ ఒక్కరోజు ఎండ మస్తుందని పట్టా విప్పి పక్కన పెట్టిండు.

ఆయన పోయినంక సానపట్టే పని నాకొచ్చింది. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానిన దాన్ని. లెక్కలు రావు గాని కోణాలు వస్తయి, మామ నేర్పిండు. రహమత్ నగర్‌లో మా ఇంటి ముందరి గదే మా దుకాణం. చెట్లు కోసేటోళ్ళు, సినిమా సెట్లకు కట్టెపని చేసేటోళ్ళు చైన్లు తెచ్చి ఇస్తరు. వేరే చోట్ల గుండ్రటి ఆకురాయితోని రుద్దుతరు. మా దగ్గర ఉన్నది స్క్వేర్ గ్రైండర్. మామ పనిచేసిన టింబర్ డిపో మూతపడ్డప్పుడు తుక్కు కింద పడేస్తుంటే ఆటోలో వేసుకొచ్చిండు. దాని చక్రం అంచు గుండ్రంగా ఉండదు, డబ్బా మూల లెక్క ఉంటది. ఆ మూలను పన్ను మూలకు సరిగ్గా ఆనించాలె. వెంట్రుకవాసి అటు జరిగితే పన్ను కొన విరుగుతది, ఇటు జరిగితే పదును రాదు. కుదిరిందా, ఆ చైన్‌ను కట్టె మీద ఒత్తే పనే లేదు. మిషన్ బరువుకే కిందికి దిగుతది. పొట్టు రాలదు, చిప్పలు ఎగురుతయి.

ఆ గదిలో నిప్పురవ్వలు లేచినంత సేపు నా పానం నా దగ్గర ఉండదు. మా పొల్ల సాయిసుధకు మూడేండ్లు. గ్రైండర్ నడిచినంత సేపు దాన్ని లోపలి అర్రలో పెట్టి గడియ పెడ్త. ఆపినంక పోయి ముందుగాల దాని వేళ్ళు లెక్కపెడ్త. గడియ పెట్టి ఉన్న అర్రలో వేళ్ళు ఏడికి పోతయని మా ఆయన నవ్వుతడు. నవ్వనియ్యి. పది ఉన్నయని తెలిస్తే గాని నాకు బువ్వ దిగదు.

మా ఆయన నర్సింహ సినిమాల్లో ఫైటర్. హీరో పడాల్సిన చోట ఈయన పడతడు. అద్దం పగిలితే ఈయన వీపు, మంట లేస్తే ఈయన చొక్కా. ఆయన కోసం నేను దేవుణ్ణి మొక్కని రోజు లేదు. ఆయన చేసే పని ఆపమని అడగని రోజూ లేదు.

దసరాకు వారం ముందు ఫైట్ మాస్టర్ సుబ్బరామయ్య గారు స్వయంగా దుకాణానికి వచ్చిండు. శ్రీనగర్ కాలనీలో ఉంటడు. తెల్లచొక్కా, మెడలో రుద్రాక్ష, మాట మాత్రం గోదావరి మాట.

"అమ్మాయ్, రెండు చైన్లు కావాలి. ఒకటి వేప దుంగని ఒక్క దమ్ములో రెండు ముక్కలు చెయ్యాలి. కెమెరా తిరుగుతుంటే మిషన్ ఎక్కడా తట్టుకోకూడదు. రెండోది మీ ఆయన గుండెల మీద తిరగాలి."

"గుండెల మీదనా?"

"ప్యాడ్ ఉంటుందిలే. రబ్బరు, దాని మీద తోలు. చైన్ కూడా డమ్మీయే కదా."

"అట్లయితే పళ్ళన్నీ చెక్కేసి ఇస్త మాస్టర్. ఉత్త గొలుసు."

"అబ్బే, క్లోజప్ ఉందమ్మా. పన్ను కనబడాలి, మెరవాలి. హాల్లో కూర్చున్నవాడు సీటు పట్టుకోవాలి. పన్ను ఉండాలి, పదును ఉండకూడదు. నీ వల్ల అవుతుందా, కాదా?"

నేను నోరు తెరిచేలోపలే మా ఆయన అందుకున్నడు. "ఎందుకు కాదు మాస్టర్? మొగని మీద కోపమంతా ఆ పళ్ళ మీదనే తీస్తది ఇది."

"ఆ డమ్మీ దాని మీద మాత్రం తియ్యొద్దని చెప్పరా" అని మాస్టర్ పెద్దగా నవ్విండు. ఇద్దరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలే.

మూడు రోజులు కూసున్న. చైన్‌కు ముప్పై ఆరు పళ్ళు. పద్దెనిమిది కుడికి చూస్తయి, పద్దెనిమిది ఎడమకు చూస్తయి. దుంగ చైన్‌కు ఒక్కో పన్ను మూలను చక్రం మూలకు ఆనించి, గాలి పీల్చకుండ పట్టిన. డమ్మీ దానికి అదే పన్ను మీద ఉల్టా పని. మూల చచ్చేదాకా మొద్దుచేసిన. ప్రతి పన్ను ముందర చిన్న మొటిక లాంటిది ఉంటది. అది పన్ను కన్నా కిందికి ఉంటేనే పన్ను కట్టెలో దిగుతది. డమ్మీలో మొటిక పైకే ఉండేటట్టు పన్నునే కిందికి దింపిన. ఇగ అది దేని మీద పెట్టినా జారాల్సిందే, దిగలేదు. ఆఖరుకు రెండిటినీ బట్టతోని తుడిచి మెరుగుపెట్టిన.

పక్కపక్కన పై మొలకు తగిలిస్తే కవల పిల్లలే. బొటనవేలు ఆనించి చూస్తే నాకు తెలుస్తది. మా ఆయనకు తెల్వదు. ఆయనకు తెలిసిన పదును దెబ్బ తగిలినంక తెలిసేదే. అందుకని సాయిసుధకు బతుకమ్మకు కొన్న ఎర్ర నెయిల్ పాలిష్ తీసి, డమ్మీ చైన్ ఒక లింకు మీద చుక్క పెట్టిన.

"ఎర్రది ఉన్నది నా మీదికి, లేనిది దుంగ మీదికి. గంతే గద?" అన్నడు.

"గంతే" అన్న.

ఆ మాటను ఇప్పటికీ నా నోట్లెకెల్లి గుంజి పారేయాలనిపిస్తది.

ఆ రోజు నుంచే సాయిసుధకు జ్వరం అందుకుంది. నూట మూడు. తడిబట్ట, మందు, మళ్ళీ తడిబట్ట. నేను అర్రలోంచి బయటికి రాలే. దసరా ఎట్లొచ్చిందో ఎట్ల పోయిందో తెల్వదు. మా అత్తమ్మ మల్లమ్మనే దుకాణం ఊడ్చింది, దీపం పెట్టింది. పండుగ అయిన రెండో రోజు పిల్లకు జ్వరం దిగింది. ఆ రోజే షూటింగ్.

పొద్దుగాల ఆరింటికి మా ఆయన పై మొల మీది రెండు చైన్లు సంచిలో వేసుకున్నడు.

"ప్యాడ్ రెండుసార్లు చూసుకో" అన్న.

"చూస్త."

"చైన్ బిగించేటప్పుడు..."

"ఎర్రది నా మీదికి. నిద్రలో లేపి అడిగినా చెప్త మనోజా. జర పండు నువ్వు, ఐదారు రోజులైంది సరిగ కన్ను మూయక."

పండిన. పది గంటలకు చెంప మీద ఏదో తడిగా తగిలి కండ్లు తెరిచిన. సాయిసుధ నా మీద వంగి ఉంది. "అమ్మా, చూడు" అని రెండు చేతులు చూపెట్టింది. మణికట్టు దాకా ఎర్రగా ఉన్నయి.

నేను అరవలే. దాని చేతులు పట్టుకొని వేళ్ళు లెక్కపెట్టిన. పది. మళ్ళీ లెక్కపెట్టిన. నీళ్ళ బకెట్‌లో ముంచిన. నీళ్ళు ఎర్రగైనయి గాని ఏడా గాటు లేదు. ముక్కు కాడ పెట్టుకొని చూసిన. నెత్తురు వాసన నాకు తెలుసు. ఇది నువ్వుల నూనె వాసన.

"ఏడ ముట్టుకున్నవే?"

గోడ దిక్కు చూపెట్టింది. గోడకు కింది వరస మొలలకు చెట్లోళ్ళ చైన్లు ఏలాడుతున్నయి. దగ్గరికి పోయి చూసిన. ఒక్కో చైన్‌కు ఒక్కో ఎర్ర చుక్క.

"అత్తమ్మా! చైన్లకు ఈ ఎరుపేంది?"

గడప కాడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తలే. "బొట్టు. ఆయుధపూజ నాడు పెట్టిన. నువ్వు పిల్లతోని పండితివి గద. ఇనుముకు బొట్టు పెట్టకుంటే అది నెత్తురు అడుగుతదని మీ మామ అంటుండె. ఆయన పోయిన కాన్నుంచి ఒక్క ఏడు తప్పలే."

"అన్నిటికా?"

"అన్నిటికి. నీళ్ళల్ల కలిపితే జారుతదని నూనెల కలిపిన."

"పై మొల మీది రెండిటికి?"

"ఒకదానికి నువ్వే పెట్టి ఉంటివి గద. రెండోదానికి నేను పెట్టిన. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్ల బిడ్డ?"

రెండు చైన్లకూ ఎరుపు ఉంది. సంచిలో చేయి పెడితే ఏది ముందు చేతికొస్తే అది. ఎర్రది కనబడంగనే ఇదే డమ్మీ అనుకొని తన మీదికి వచ్చే మిషన్‌కు బిగిస్తడు. రెండోదాని దిక్కు చూడనన్నా చూడడు.

ఫోన్ చేసిన. స్విచాఫ్. సెట్‌లో ఫొటోలు బయటికి పోతయని మాస్టర్ అందరి ఫోన్లూ పొద్దున్నే సంచిలో వేయించుకుంటడు. ఇగ పోవాలె. వట్టి చేతులతోని పోతే గేటు కాడ ఆపుతరు. ఫిల్మ్‌నగర్‌లో చేతిలో పని సామాను ఉన్నోనికి దారి దొరుకుతది, ఏడుపు మొహం ఉన్నోనికి దొరకదు. మామ గోనెసంచి మొల మీదికెల్లి తీసి, చేతికందిన చైన్ ఒకటి అందులో పడేసిన. పిల్ల నా మెడ వదల్లే. దాన్ని చంకనేసుకొనే ఉరికిన.

ఆటోలో యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ఎట్ల దాటినమో తెల్వదు. చెక్‌పోస్ట్ కాడ బండ్లు కదల్తలేవు. ఇదే సిగ్నల్, ఇదే మలుపు. మామ నెత్తురు గీత నాకు తారు మీద మళ్ళీ కనబడ్డది.

"అన్నా, జర పోనియ్" అన్న.

"ఏడికెల్లి పోనియ్యాలె చెల్లే, ఆటోకు రెక్కలున్నయా?" అన్నడు ఆటో అతను. అద్దంలో నా మొహం చూసి, ఫుట్‌పాత్ ఎక్కించిండు. ఒక బండి అతన్ని గుద్దినంత పని చేసిండు. ఎనక బూతులు వినబడ్డయి.

ఏదైనా కావచ్చు, మంచిదే ముందు చేతికొచ్చి ఉండొచ్చు అని మనసుకు చెప్పుకున్న. మనసు వినలే. కండ్లు మూస్తే రబ్బరు చీలుతుండె, తెరిస్తే సిగ్నల్ ఎర్రగుండె.

ఫిల్మ్‌నగర్ ఎనక గుట్ట మీద సెట్ వేసిండ్రు. రేకుల గోడ, గేటు కాడ నల్లచొక్కా బౌన్సర్.

"పాస్?"

"ఆర్ట్ వాళ్ళ సామాను అన్నా. చైన్ ఇయ్యాలె."

"పిల్లనేసుకొని సామాను తెస్తరా? షాట్ నడుస్తుంది. పక్కన నిలబడు."

అప్పుడే లోపలికెల్లి మిషన్ చప్పుడు వచ్చింది. ముందు ఇంజన్, తర్వాత కట్టె మీద చైన్ ఆనిన చప్పుడు. పదునున్న చైన్ కట్టెలో దిగితే ఇంజన్ గొంతు కిందికి పోతది, బువ్వ తినే మనిషి లెక్క. ఇది కిందికి పోలే. పైకి లేచింది. కీ... అని ఏడ్చింది. వేప కట్టె మాడిన వాసన గేటు దాకా వచ్చింది. పొగ లేచింది.

నా చేతులతోని మొద్దుచేసిన చైన్ గొంతు నాకు తెల్వదా? డమ్మీ దుంగ మీద ఉంది. మరి రెండోది ఏడున్నది?

"వింటున్నవా?" బౌన్సర్ చొక్కా పట్టుకొని గుంజిన. "కోస్తలేదు అది. పొగ చూడు. ఈ సంచిలో చైన్ పోతే గాని అక్కడ షాట్ లేదు. ఆలస్యమైందని మాస్టర్ అడిగితే నీ పేరు చెప్త. నీ పేరేంది?"

పొగ దిక్కు చూసిండు, సంచి దిక్కు చూసిండు. పక్కకు జరిగిండు.

లోపల గుట్ట ఎక్కి పోతే పాడుబడ్డ గుడి సెట్. అంతా థర్మాకోల్ రాళ్ళు. వంద మంది ఉన్నరు, ఒక్కడు కదల్తలేడు. అక్కడ ఏమైందో మా ఆయన తర్వాత చెప్పిండు. దుంగ కోయకుండ మిషన్ పొగలు కక్కితే మాస్టర్ ఆయన్ని అందరి ముందర చెంప మీద కొట్టిండంట. "మీ ఆవిడ సానపట్టిందా, పిండి రుబ్బిందా? వెధవ చైనూ నువ్వూ! దుంగ తర్వాత చూద్దాం, టైం పోతోంది, బాడీ షాట్ పెట్టండి" అన్నడంట. చెంప మంటతోని పోయి మా ఆయన రాతిబల్ల మీద పండిండు. రెండో మిషన్ చైన్‌ను ఒకసారి చూద్దామనుకున్నడంట. దెబ్బ తిన్న సిగ్గుతోని ఊకున్నడు.

నేను పోయేసరికి సుహాస్ మిషన్ స్టార్ట్ చేసిండు. ఆ పిల్లగాడు విలన్‌కు డూప్, మా ఇంట్ల చానసార్లు బువ్వ తిన్నోడు. జుట్టు విగ్గు, కండ్లకు నల్లరంగు. మిషన్ తల మీదికి లేపిండు. పక్కన పెద్ద ఫ్యాన్ దుమ్ము లేపుతుంది. "యాక్షన్" అన్నరు.

"ఆపుర్రి! అది డమ్మీ కాదు!" అని అరిచిన. నా అరుపు నాకే వినబడలే.

పిల్ల చంకలో ఉంది. దానితోని ఆ మిషన్ కాడికి పోలేను. పక్కన మొహమంతా రంగు నెత్తురు పూసుకున్న ఒక ఆడామె నిలబడి ఉంది, జూనియర్ ఆర్టిస్ట్. ఎవరో తెల్వదు. పిల్లను ఆమె చేతుల్లో పెట్టిన. సాయిసుధ ఆ మొహం చూసి కెవ్వుమన్నది. పుట్టిన కాన్నుంచి దాన్ని ఎవ్వరి చేతికీ ఇయ్యనిదాన్ని ఎనక్కి చూడకుండ ఉరికిన.

ఎవడో నా జుట్టు పట్టి గుంజిండు. వాని చేతిని కొరికిన. నోట్లో ఉప్పగా తగిలింది. వదిలిండు.

మిషన్ కిందికి వచ్చింది. ప్యాడ్ మీద ఆనింది. రబ్బరు నల్లటి చిప్పలు చిప్పలుగా లేచింది. పొట్టు కాదు, చిప్పలు. నా చేతి పని. ఒక్క పన్ను కూడా తప్పలే. యూనిట్ వాళ్ళు "అబ్బ!" అన్నరు. ఎవరో చప్పట్లు కొట్టిండ్రు.

మా ఆయన అరుస్తున్నడు. నటించేటప్పుడు ఆయన నోరు పెద్దగా తెరిచి అరుస్తడు. నిజంగా నొప్పి లేస్తే పళ్ళు బిగించి, నోరు మూసి అరుస్తడు. ముందు నోరు తెరిచి ఉండె. నేను చూస్తుండంగనే మూసుకుంది. ఆయన వేసుకున్న తెల్లచొక్కా మీదికి ఎర్రటి తుంపర లేచింది. అది రంగు అనుకున్నరందరూ. సుహాస్ కూడా అనుకున్నడు. మాస్టర్ చెప్పినట్టు ఇంకా ఒత్తుతున్నడు.

గోనెసంచి తాడు నా ఎడమ చేతికి చుట్టుకొని ఉంది. విప్పుకునే టైం లేదు. సంచిని రెండు చేతులతోని పట్టి తిరుగుతున్న చైన్ మీద కొట్టిన.

పళ్ళు గోనెను పట్టినయి. సంచి నా చేతుల్లోంచి గుంజుకపోయింది. దాని ఎంబడి తాడు, తాడు ఎంబడి నా చేయి. లోపలి చైన్ ఎగిరి సుహాస్ దవడకు తగిలింది. గోనె దారం గేరు దాకా పోయి చుట్టుకున్నది. ఇంజన్ రెండుసార్లు దగ్గింది. ఆగింది.

అంత నిశ్శబ్దంలో ముందుగాల వినబడ్డది సాయిసుధ ఏడుపు. తర్వాత మాస్టర్ గొంతు.

"కట్! ఎవతిరా ఇది? షాట్ నాశనం చేసింది!"

నా ఎడమ చేయి చూసుకున్న. ఉంగరం వేలు పైన సగం లేదు. నొప్పి ఇంకా రాలే. మా ఆయన రొమ్ము మీద చినిగిన తోలు పక్కకు తీసిన. కింద ఇంకో తోలు చినిగి ఉంది, అది ఆయనది. లోపల తెల్లగా ఎముక మెరిసింది. పక్కటెముక మీద పన్ను గీసిన గీతలు, దువ్వెన పళ్ళు గీసినట్టు.

"మనోజా," అన్నడు, "ఎర్రదే పెట్టిన."

"తెలుసు" అన్న. నా కొంగు ఉండచేసి గాయంలో కుక్కి మోకాలు పెట్టి ఒత్తిన.

సుహాస్ మిషన్ పడేసి, దవడ పట్టుకొని "వదినా, నాకు తెల్వదు వదినా, రంగనుకున్న" అంటూ నేల మీద కూలబడ్డడు. మాస్టర్ వచ్చి వాణ్ణి కాలితోని తన్నిండు. రెండు, మూడు, నాలుగు సార్లు. వాడు ముడుచుకొని తన్నించుకున్నడు. ఆ ఎనక నుంచి, మానిటర్ కాడ కూసున్నోడు ఎవడో అన్నడు. "ఈమె రాకముందు దాకా షాట్ మాత్రం అదిరింది సార్."

నలభై ఒక్క కుట్లు పడ్డయి మా ఆయనకు. ఇంకో వేలెడు లోతు పోతే గుండె సంచి అన్నరు డాక్టర్లు. నా వేలికి కుట్టడానికి ఏం మిగల్లే, కొస చెక్కి మూసిండ్రు.

ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ కుంకుమ భరిణ తీసి తన నుదురు మీద కొట్టుకుంది. నెత్తురు వచ్చేదాకా కొట్టుకుంది. భరిణ గుంజుకొని ఆమె చేతులు ఎనక్కి విరిచి పట్టుకోవాల్సి వచ్చింది. "నా చేతులతోనే నా కొడుకును..." అని ఊగిపోయింది.

"బొట్టు నువ్వు ఎప్పటిలెక్కనే పెట్టినవ్ అత్తమ్మా. తప్పు గుర్తుది. ఆ గుర్తు పెట్టినదాన్ని నేను. ఇనుముకు ఎర్రబొట్టు పెట్టే ఇంట్ల ఎర్రరంగు ఏరుకున్న. పచ్చది దొరకదా, తెల్లది దొరకదా?"

ఆమెకు అది ఎక్కలే. నాకు మాత్రం దిగబడి ఉంది, ఇంకా ఉంది.

ఆరో రోజు సుబ్బరామయ్య గారు వచ్చిండు. చేతిలో బత్తాయిలు, ఎనక డ్రైవర్ చేతిలో కొత్త తోలు ప్యాడ్. ముందరి గదిలోనే మంచం మీద పండుకొని ఉన్నడు మా ఆయన. దుప్పటి తీసి కట్టు దిక్కు చానసేపు చూసిండు మాస్టర్.

"గొప్పోడివిరా నర్సింహా. ఎడిట్ రూమ్‌లో చూసినవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒక్క ముక్క తక్కువైంది. మీ ఆవిడ చెయ్యి అడ్డమొచ్చేసింది కదా. ఒక్క క్లోజప్. గాయం పచ్చిగా ఉండగానే తీసేస్తే కంటిన్యుటీ సరిపోద్ది. కట్టు విప్పి, పైభాగాన ప్యాడ్ కట్టి, మిషన్ కాస్త ఆనించడమే. ఇంతోటి షాట్ మళ్ళీ జన్మలో రాదు."

"ఒక్కటే గద మాస్టర్?" అన్నడు మా ఆయన.

నేను ఆయన మొహం చూసిన. పచ్చి గాయంతోని, తలగడ మీదికెల్లి లేవలేనోడు, కండ్లు మెరుస్తున్నయి. లేచి నిలబడ్డరంట అన్న మాటకు. అప్పుడు తెలిసింది, ఏడ్చి లాభం లేదు. ఏడేండ్లు ఏడ్చిన, ఏం కాలే.

"అత్తమ్మా, పిల్లను లోపలికి తీసుకపోయి గడియ పెట్టు" అన్న.

డమ్మీ చైన్ నా దగ్గరనే ఉంది. సెట్ మీదికెల్లి సుహాస్ తెచ్చి ఇచ్చి, దవడకు కట్టుతోని గడప కాడ ఏడ్చి పోయిండు. నెయిల్ పాలిష్ చుక్క ఇంకా ఉంది. ముప్పై ఆరు పళ్ళకూ బొటనవేలు ఆనించి చూసిన. దుకాణంలోని మిషన్‌కు బిగించి, మిషన్‌ను బల్ల మీది వైస్ దవడల నడుమ పట్టించిన. ఒక చేతితోనే తాడు గుంజిన. గదిలో రేకులు అదిరినయి.

డ్రైవర్ చేతిలోంచి ప్యాడ్ తీసుకొని నా కుడి ముంజేతికి చుట్టుకున్న. మా ఆయన "ఏయ్!" అని లేవబోయిండు. తిరుగుతున్న చైన్ మీద చేయి ఆనించిన. జారింది. తోలు మాడిన వాసన, నల్లటి చార. గంతే. తీసి మాస్టర్‌కు చూపెట్టిన.

"డమ్మీదే మాస్టర్. నా చేతి పని. ఇదే ప్యాడ్, ఇదే చైన్. ఇప్పుడు మీరు పెట్టుర్రి."

"నేనెందుకమ్మా?"

"మా ఆయన గుండెల మీద పెట్టేది మీ చేయి మీద ఒక్క నిమిషం పెట్టుకోలేరా? మీది ముంజెయ్యే. పెట్టుర్రి, రేపు పొద్దున నేనే ఈయన్ని తోలుకొని వస్త."

మాస్టర్ నవ్విండు. మా ఆయన దిక్కు చూసిండు. మా ఆయన నవ్వలే, చూస్తున్నడు. రుద్రాక్ష సర్దుకొని మాస్టర్ ప్యాడ్ చుట్టుకున్నడు. నేను మిషన్ పెంచిన. ఆయన చేయి చాపిండు. చైన్‌కు జానెడు దూరంలో ఆగింది. ముందుకు పోయింది. గాలి తగిలిందేమో, చటుక్కున ఎనక్కి గుంజుకున్నడు.

"ఇది... బీపీ ఉందమ్మా నాకు."

"మళ్ళీ పెట్టుర్రి."

మళ్ళీ చాపిండు. ఈసారి జానెడు దూరం దాకా కూడా పోలే. చెమటలు కారుతున్నయి. ప్యాడ్ విప్పి డ్రైవర్ మీదికి విసిరిండు. "నీకు పిచ్చి పట్టింది! యూనియన్‌లో చెప్పి వీడి పొట్ట కొడతా!" అని అరిచిండు. మిషన్ చప్పుడులో సగమే వినబడ్డది.

మా ఆయన మంచం పట్టుకొని లేచిండు. కుట్ల మీద చేయి పెట్టుకొని, ఒక్కో అడుగు వేసుకుంట వచ్చి, మిషన్ స్విచ్ కిందికి నొక్కిండు. చైన్ రెండు చుట్లు తిరిగి ఆగింది.

"చేయి తీసిండ్రు మాస్టర్" అన్నడు. గొంతు పైకి లేవలే. "ఏడేండ్ల సంది మీరు పెట్టమన్న చోటల్లా నేను ఒక్కసారి కూడా తియ్యలే."

సుబ్బరామయ్య గారు ఏదో అనబోయిండు.

"బత్తాయిలు తీసుకపోండ్రి" అన్నడు మా ఆయన.